తెగాల్సిన కుట్టు

బెల్టు పట్టీని రెండు బొటనవేళ్ల మీద విల్లులా వంచి, వంపు మీద గోటితో గీస్తూ, జానెడు జానెడు చొప్పున జరుపుకుంటూ పోతున్నాడాయన. అలా వంచితేనే తెగిన పోగు తల ఎత్తుతుంది. బల్ల మీద పరిచి చూస్తే ఏ బెల్టయినా బుద్ధిమంతుడిలాగే కనిపిస్తుంది. భుజాల పట్టీలు అయ్యాయి, తొడల పట్టీలు అయ్యాయి, వీపు మీది ఇనుప కడియం అయింది. చివరికి తాడుకున్న కొక్కేన్ని చెవి దగ్గర పెట్టుకుని నొక్కి వదిలాడు. టక్కుమంది. ఆ టక్కులో కాస్త నీరసం వినిపించినా చాలు, ఆ బెల్టు ఆ రోజు కిటికీ దాటదు.

కడుతున్నవి రెండు భవనాలు, చెరో ఇరవై రెండు అంతస్తులు. వాటి కాళ్ల దగ్గర ఒక రేకుల గది, దానికో కిటికీ. గది గోడల నిండా మేకులు, మేకులకు మూడు వందల నలభై బెల్టులు. ఎత్తున పనిచేసేవాళ్లకు ఉదయం ఆరింటికి నంబరు ప్రకారం బెల్టులు ఇవ్వడం, సాయంత్రం తీసుకోవడం, రోజుకు కొన్ని చొప్పున పరీక్షగా చూడటం, పాడైనదాన్ని రెండు ముక్కలు చేసి రిజిస్టర్లో రాయడం ఆయన ఉద్యోగం. ముక్కలు చేసే కత్తెర మోచెయ్యంత ఉంటుంది. కూతురు కుట్టుపని నేర్చుకునే రోజుల్లో కొన్నది. ఆ పిల్ల చేతికి బరువైందని తనే తెచ్చుకున్నాడు. ఆ కత్తెర వచ్చాక ఆయన అసలు పేరు ఎటో పోయి, కత్తెర మామ మిగిలాడు. తోటి వయసువాళ్లకు కూడా ఆయన మామే.

ఏ చదువూ చదివి ఆ గదిలోకి రాలేదు. పద్నాలుగేళ్లు పరంజాలు కట్టాడు. మోకాలు విరిగి, అతుక్కుని, ఇక వంగనని మొండికేశాక కింద కూర్చోబెట్టారు. కూర్చోబెట్టిన మొదటి నెలలోనే పారేసిన బెల్టులన్నీ పోగుచేసి, కుట్లు విప్పి, మళ్లీ వేసి, దేనికి ఏది ఆధారమో చేతులతో తెలుసుకున్నాడు. రోజూ పొద్దున మైకు పట్టుకుని సేఫ్టీ మేనేజరు చెప్పే ఉపన్యాసానికి వెళ్లి నిలబడతాడు గానీ చెవిన వేసుకునేది తక్కువ. ఆ కాసేపట్లో ఎదురుగా ఉన్నవాళ్ల తొడల పట్టీలు ఎవరివి వదులుగా ఉన్నాయో చూసుకుంటాడు. మాటలంటే ఆయనకు మొదటినుంచీ అంత గౌరవం లేదు.

బెల్టును చూసి మనిషి ఏ పని చేస్తాడో చెప్పేస్తాడు. ఇనుప కడ్డీలు కట్టేవాళ్ల బెల్టు తుప్పు రంగులోకి తిరుగుతుంది. అద్దాలు బిగించేవాళ్లది జిగురు మరకలతో నిండిపోతుంది. వెల్డర్ల బెల్టుకు భుజాల దగ్గర సూదితో పొడిచినట్టు నల్లటి చుక్కలుంటాయి, నిప్పురవ్వలు కాల్చినవి.

ఆ పొద్దున ఆయన చేతిలో ఉన్న రెండు వందల పన్నెండో నంబరు వెల్డరుది. ఇచ్చి మూడు వారాలైంది. దాని మీద ఒక్క చుక్క లేదు. అంతకంటే విచిత్రం, ఎడమ తొడ పట్టీ మీద సుద్దగీత అలాగే ఉంది. కొత్త బెల్టు ఇచ్చేటప్పుడు బిగించాల్సిన చోట సుద్దతో గీత పెట్టడం ఆయన అలవాటు. మనిషి ఒక్క పూట నడిస్తే చెరిగిపోయే గీత అది.

ఆ వెల్డరు ఆయన సొంత అల్లుడు.

ఆరు కొట్టాక కిటికీ తెరిచాడు. వరసలో ముందు పొట్టి ఫిట్టరు. అద్దాలు బిగించే జట్టులో అందరికంటే పొట్టి, అందరికంటే నోరు ఎక్కువ. కిటికీ అంచు అతని గడ్డం దగ్గరికి వస్తుంది. తొంభయ్యో నంబరు బెల్టు అందుకుంటూ, తొడల దగ్గర ఇంకో కన్నం పొడవమని అడిగాడు. తను నడుస్తుంటే తనకంటే ముందు బెల్టే నడుస్తోందట.

"బెల్టుకు కన్నం పెట్టకూడదురా. నువ్వే కాస్త తిని పెరుగు."

"నలభై రెండొచ్చాయి మామా. ఇక పెరిగితే పక్కలకే."

వెనకున్నవాళ్లు నవ్వారు. వాళ్ల వెనక అల్లుడు నవ్వలేదు. అతని వంతు వచ్చినప్పుడు బెల్టు చేతికివ్వకుండా పట్టుకుని, దీని మీద రవ్వలు పడట్లేదేమని అడిగాడు మామ. తోలు జాకెట్టు లోపల వేసుకుంటున్నానని గొణిగి, బెల్టు లాక్కున్నట్టే తీసుకుని వెళ్లిపోయాడతను. జాకెట్టు లోపల వేసుకుంటే వీపు మీది కడియం జాకెట్టు లోపలే ఉంటుంది. మరి తాడు దేనికి తగిలిస్తున్నట్టు?

మధ్యాహ్నం సామాను లిఫ్టులో పదకొండో అంతస్తుకు వెళ్లాడు. బయటి పరంజా మీద, ఇరవై గజాల దూరాన, అల్లుడు ముఖానికి అద్దం పెట్టుకుని వెల్డింగు చేస్తున్నాడు. వీపు మీద తాడు కనిపిస్తోంది, కొక్కెం పైనున్న తీగకు తగిలించి ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. అనుకుని పక్కకు తిరిగితే, పనిముట్ల పెట్టె దగ్గర పైపుకు రెండు వందల పన్నెండో నంబరు వేలాడుతోంది, సుద్దగీతతో సహా.

అల్లుడి ఒంటి మీద ఉన్నది ఏదో ఆయనకు తెలుసు. ఈ ప్రపంచంలో ఆయన చేతి మీదుగా రద్దయి, కత్తెర పడకుండా మిగిలిన బెల్టు ఒక్కటే ఉంది.

పిలవబోయి నోరు మూసుకున్నాడు. అంచున ఉన్న మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పరంజాలు కట్టేవాళ్లు మొదటి రోజు నేర్చుకునేది అదే. కాసేపు నిలబడ్డాడు. కింద కిటికీ దగ్గర జనం ఆగి ఉన్నారని కబురు రావడంతో దిగిపోయాడు.

ఏడు నెలల కిందట తొమ్మిదో అంతస్తు నుంచి అల్లుడు జారిపడ్డాడు. బెల్టు ఆపింది. పది నిమిషాలు గాలిలో వేలాడాక పైకి లాగారు. ఆ బెల్టు నంబరు నూట పదిహేడు. నియమం ప్రకారం, ఒకసారి మనిషిని ఆపిన బెల్టు ఇక బెల్టు కాదు. తాడుకూ కడియానికీ మధ్య అరచేయంత పొట్లం ఒకటుంటుంది. అందులో గజంన్నర పట్టీని మడతలు పెట్టి, వరసలు వరసలుగా కుడతారు. మనిషి పడ్డప్పుడు ఆ కుట్లు పటపటా ఒక్కొక్కటే తెగుతూ, పడిన బరువును కాస్త కాస్త తినేస్తాయి. తెగడానికే కుట్టిన కుట్లవి. ఒకసారి తెగాక వాటి పని అయిపోయింది. పట్టీలో కూడా కంటికి కనబడని పోగులు ఎన్నో సాగి, నలిగి, చచ్చిపోయి ఉంటాయి.

కత్తెర తీసి నూట పదిహేడు మీద పెట్టబోతుంటే కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది. దాన్ని కోయొద్దు నాన్నా అంది. నా మనిషిని నాకు మిగిల్చింది అదే, పెట్టెలో దాచుకుంటానంది. ఆయన కాదనలేకపోయాడు. పాత సంచిలో చుట్టి ఇచ్చేశాడు. రిజిస్టర్లో మాత్రం ఎప్పటిలాగే రాశాడు. మనిషి పడినందువల్ల రద్దు, కత్తిరించడమైనది. కింద సంతకం. ఆ రిజిస్టర్లో ఆయన రాసిన అబద్ధం అదొక్కటే.

సాయంత్రం రెండు వందల పన్నెండును తెచ్చి ఇచ్చింది అల్లుడు కాదు, పొట్టి ఫిట్టరు. "నీ అల్లుడికేదో పనుందట మామా, చల్లగా జారుకున్నాడు. అత్తారింటి భయమా ఏంటి?" అన్నాడు. ఆయన కిటికీ మూసి, నేరుగా కూతురింటికి నడిచాడు.

మూడో అంతస్తులో రెండు గదులు. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని చుట్టూ చీటీలు గుచ్చిన ఊళ్లోవాళ్ల బట్టలు. కూతురి పనితనం ఆ వీధంతా తెలుసు. తెగిన జేబు అతికితే ఎక్కడ తెగిందో తొడుక్కున్నవాడికే తెలియదు. తండ్రి ముఖం చూడగానే ఆమె మిషను ఆపింది. మంచం మీద కూర్చున్న అల్లుడు తల దించుకున్నాడు.

దబాయించాల్సిన అవసరం రాలేదు. అల్లుడే చెప్పాడు. పడిన తర్వాత ఆరు నెలలు పైకి ఎక్కలేకపోయాడు. రెండో అంతస్తు దాటితే కాళ్లు కుదురుగా నిలిచేవి కావు. ఎక్కుతావా ఇంటికెళ్తావా అని మేస్త్రీ అడిగాడు. వెల్డరు కింద నిలబడితే వేరే పనేముంది? పెట్టెలోంచి ఆ బెల్టు తీసి ఒంటికి చుట్టుకున్న రోజున కాళ్లు నిలబడ్డాయి. అంతే. మామయ్య ఇచ్చిన బెల్టు తీసుకుని పైన వేలాడదీయడం, పనిముట్ల పెట్టెలోంచి దీన్ని తీసి వేసుకోవడం.

"అది నాకు అచ్చొచ్చింది మామయ్యా. ఒకసారి నన్ను వదల్లేదు. జట్టులోవాళ్లు కూడా అడుగుతుంటారు, గాలి ఎక్కువున్న రోజు. పొట్టి రెండుసార్లు వేసుకున్నాడు."

"పొట్లం విడిపోయి ఉంది కదా. ఎలా వేసుకున్నావు?"

అల్లుడు భార్య వైపు చూశాడు. ఆమె ముఖంలో, ఆ పరిస్థితిలో కూడా, చిన్న వెలుగు కనిపించింది.

"నేను కుట్టాను నాన్నా. పాత మడతల గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. వాటి మీదే మడిచి, లావు సూది వేసి, నైలాను దారంతో రెండు వరసలు వేశాను. ఏనుగును కట్టినా ఊడదు."

ఊడదు. నిజమే, ఆ పిల్ల వేసిన కుట్టు ఊడదు. మంచి పనితనం గురించి విని భయపడటం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి. చెప్పబోయాడు. అది ఊడాలమ్మా, ఊడకపోతే ఆ బరువంతా ఎక్కడికి పోతుందని చెప్పబోయి, ఆమె చేతుల వంక చూసి ఊరుకున్నాడు. రేపు తను కత్తిరించేస్తే ఇక చెప్పాల్సిన పనేముంటుంది అనుకున్నాడు. ఇన్నేళ్లుగా వందల బెల్టులు కోశాడు గానీ, ఎందుకు కోస్తున్నాడో ఆ కిటికీ ముందు నిలబడ్డ ఒక్కడికీ చెప్పలేదని కూడా అప్పుడే తట్టింది. వాళ్లకు కత్తెర మాత్రమే తెలుసు.

బెల్టు ఎక్కడుందని అడిగాడు. పదకొండో అంతస్తులో, పనిముట్ల పెట్టెలోనే ఉందన్నాడు అల్లుడు. పెట్టెకు తాళం లేదు.

మేనేజరు నంబరు కోసం ఫోను తీశాడు. మేనేజరుకు చెబితే ఇప్పుడే ఎవరినైనా పంపి తెప్పిస్తాడు. చెబితే రిజిస్టరు సంగతి బయటపడుతుంది. తన ఉద్యోగం, అల్లుడి ఉద్యోగం ఒకే దెబ్బకు పోతాయి. పని మొదలయ్యేది పొద్దున ఆరింటికి. ఐదున్నరకల్లా తనే వెళ్లి తెస్తే మూడో కంటికి తెలియదు. ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఐదూ పావుకే గేటు దగ్గర ఉన్నాడు. కాపలావాడు పలకరిస్తూ, అద్దాల జట్టును ఐదింటికే పైకి పిలిచారని చెప్పాడు. ఏడు దాటితే గాలి పెరుగుతుందట, ఆలోగా నాలుగు పెద్ద అద్దాలు ఎక్కించేయాలట. ఆయన జేబు తడుముకున్నాడు. గది తాళం చెవులు తన దగ్గరే ఉన్నాయి. తొంభయ్యో నంబరు మేకుకే ఉంది.

లిఫ్టు అద్దాలతో పైకి వెళ్లింది. మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వంగని మోకాలును ప్రతి మెట్టు మీదికీ చేత్తో ఎత్తి పెట్టుకోవాలి. పొట్టి ఫిట్టరు గురించే ఆలోచిస్తూ ఎక్కాడు. వాడు తిక్కవాడు కాదు, బెల్టు లేకుండా అంచుకు వెళ్లడు. అందుకే భయం. బెల్టుల గది మూసి ఉంటే వాడు ఇంకో బెల్టు కోసం చూస్తాడు. ఎక్కడుందో వాడికి తెలుసు.

ఆరో అంతస్తు దగ్గర ఊపిరి అందలేదు. ఆగలేదు. ఎనిమిదో అంతస్తు మలుపులో ఉండగా పైనుంచి ఒక కేక, దాని వెంటే ఏదో పట్టున తెగిన చప్పుడు వినిపించాయి. తర్వాత లిఫ్టు మోటారు ఆగింది. ఎక్కడో తిరుగుతున్న రంపం ఆగింది. ఒక్కొక్క యంత్రమే ఆగుతూ వచ్చి, చివరికి మొత్తం భవనం మూగబోయింది.

పదకొండో అంతస్తుకు చేరేసరికి జట్టులోవాళ్లు అంచుకు దూరంగా, గోడకు అతుక్కుని నిలబడి ఉన్నారు. గాలికి అద్దం ఊగి నెట్టిందని ఎవరో చెప్పారు. పనిముట్ల పెట్టె మూత తెరిచే ఉంది. పైనున్న తీగకు కొక్కెం బుద్ధిగా తగిలించి ఉంది. దాని నుంచి తాడు, తాడు చివర పొట్లం, పొట్లం కింద ఇనుప కడియం, కడియానికి మూరెడు తెగిన పట్టీ.

తాడును లాగి చేతిలోకి తీసుకున్నాడు. పొట్లం చెక్కు చెదరలేదు. రెండు వరసల కుట్టు, ఒక్క పోగు జారలేదు. వరస చివర మూడుసార్లు ముందుకూ వెనక్కూ వేసిన ముడికుట్టు. చిన్నప్పటి నుంచీ ఆమె చెయ్యి అలవాటు అది. పొట్లం తెగి తినాల్సిన బరువంతా, ఏడు నెలల కిందటే చచ్చిన పట్టీ మీద పడింది.

పొట్టి ఫిట్టరు కింద ఇసుక కుప్ప పక్కన పడ్డాడు. ఇసుకలో పడి ఉంటే అని ఆ రోజంతా అందరూ అనుకున్నారు. పదకొండు అంతస్తుల తర్వాత ఇసుకయినా ఒకటే.

మధ్యాహ్నం మేనేజరు గదికి పిలుపు వచ్చింది, రిజిస్టరు తీసుకుని రమ్మని. బల్ల మీద తెగిన ముక్క ఉంది, నంబరు బిళ్లతో. మేనేజరు పేజీలు తిప్పి వేలు పెట్టాడు.

"నూట పదిహేడు, కత్తిరించడమైనది. సంతకం మీదే కదా పెద్దాయనా?"

"నాదే సార్."

మేనేజరు పొద్దుటి నుంచి బిగపట్టిన ఊపిరి వదిలాడు. "అయితే ఇది మన బెల్టు కాదు. బయట ఎక్కడో సంపాదించుకుని పాత బిళ్ల తగిలించుకున్నాడు. మనం ఇచ్చిన తొంభై మేకుకే ఉంది. ఇచ్చింది వదిలేసి సొంతది వేసుకున్నాడు. తప్పు ఎవరిదో స్పష్టంగా ఉంది."

"గది తెరవకముందే పైకి పంపారు సార్."

"ఐదింటికి పని మొదలైందని ఎక్కడా రాసి లేదు." మేనేజరు రిజిస్టరు మూసి, దాని అట్ట మీద చేత్తో మెల్లగా తట్టాడు. "ఎల్లుండి విచారణాధికారి వస్తాడు. మీ రిజిస్టరు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది పెద్దాయనా. అలాగే ఉండనివ్వండి. మీకింకా రెండేళ్ల సర్వీసుంది. అల్లుడు కూడా ఇక్కడే కదా."

తన జీవితంలో రాసిన ఒకే ఒక్క అబద్ధానికి ఇన్నాళ్లకు గిరాకీ వచ్చింది. రిజిస్టరు చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

ఆ సాయంత్రం కూతురు ఆయన కోసం మెట్ల మీదే కూర్చుని ఉంది. లోపల అల్లుడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పొద్దుట ఆరింటికి పనికి వచ్చి, గేటు దగ్గర విషయం విని, అక్కడే కూలబడ్డవాడిని ఇద్దరు పట్టుకుని ఇంటికి తెచ్చారట. వాడిక ఏ అంతస్తూ ఎక్కలేడని ఆయనకు అర్థమైంది.

ఆయన పక్కన కూర్చోగానే ఆమె అడిగింది. "నా కుట్టు ఊడిందా నాన్నా?"

ఆయన ఆమె వైపు చూడలేదు. "లేదమ్మా. నీ కుట్టు ఊడలేదు. పట్టీ తెగింది."

ఆమె కళ్లు మూసుకుని, తల ఊపి, ఆయన భుజానికి ఆనుకుంది. ఆ ఊరట ఆయన భుజం మీద బండరాయిలా ఉంది. నిజమే చెప్పాడు. ఆ నిజంలో మిగతా సగం ఆమెకు ఎప్పటికీ తెలియకపోతే బాగుండునని మాత్రం అనుకున్నాడు. తెలిస్తే ఆ మిషను ముందు మళ్లీ కూర్చోదు.

మూడో రోజు పొద్దున పొట్టి ఫిట్టరు భార్య వచ్చింది, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, మొగుడి సామాన్ల కోసం. చెప్పులు, ఒక సంచి, స్టీలు డబ్బా. అన్నీ ఆయనే ఒక్కొక్కటి కిటికీలోంచి అందించాడు. ఆమె గది లోపలికి చూసింది. వరసలో అన్నిటికంటే చిన్నగా బిగించి ఉన్న బెల్టు మీద చూపు ఆగింది.

"అది ఆయనదేనా అన్నా?"

తీసి చేతికిచ్చాడు. ఆమె పట్టీని రెండు చేతుల్లోకి తీసుకుని గుంజి చూసింది. మళ్లీ గుంజింది.

"గట్టిగానే ఉంది కదా. మరి ఇదెందుకు వేసుకోలేదు?"

"నేను రాకముందే పైకి పిలిచారమ్మా."

"ఆయన ఇష్టం వచ్చిన బెల్టు ఆయన వేసుకున్నాడు, మా పూచీ లేదంటున్నారు ఆఫీసులో." ఆమె గొంతులో కోపం లేదు, అర్థంకానితనమే ఉంది. "ఆయన అలాంటి మనిషి కాదన్నా. ఇంట్లో బల్బు మార్చాలన్నా నన్ను కుర్చీ పట్టుకోమనేవాడు."

ఆయన బెల్టు వెనక్కి తీసుకున్నాడు. దాని మేకుకే తగిలించాడు. ఆమె డబ్బా మూత సరిగా పెట్టి, సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ప్రమాదం రోజు మధ్యాహ్నం నుంచే, ఎవరూ అడగకపోయినా, ఆయన బెల్టులన్నీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాడు. ఆమె వెళ్లేసరికి ఇరవై ఆరు మిగిలి ఉన్నాయి. వేళ్ల చివరలు ఒరుసుకుపోయి మండుతున్నాయి. ఒక్కొక్కటీ వంచాడు, గీశాడు, కొక్కెం చెవి దగ్గర పెట్టి విన్నాడు. మూడు వందల నలభైలో పదకొండు పనికిరానివి తేలాయి. పదకొండింటినీ కోశాడు. ఒక్కొక్క దాని ముక్కలు రెండూ కలిపి కట్టి, మూలన వరసగా పెట్టాడు, లెక్క చూసుకునేవాడికి వెతుకులాట లేకుండా. తర్వాత రిజిస్టరు తెరిచి, నూట పదిహేడు కింద ఖాళీగా ఉన్న గీతల మీద రాశాడు.

ఈ బెల్టును నేను కత్తిరించలేదు. పైన రాసింది అబద్ధం. దీన్ని మా ఇంటికి ఇచ్చాను. అక్కడి నుంచి మళ్లీ పనిలోకి వచ్చింది. వచ్చిందని ముందు రోజు సాయంత్రం నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ప్రమాదం రోజున అద్దాల పని ఐదింటికి మొదలైంది. బెల్టుల గది ఆరింటికి తెరుస్తారు. పొట్లం మీద కుట్టు తర్వాత వేసినది.

అక్కడ కలం ఆగింది. ఎవరు కుట్టారో రాయలేదు. తేదీ వేసి సంతకం పెట్టాడు.

పదకొండింటికి విచారణాధికారి వచ్చాడు. కళ్లజోడు మనిషి, మాట తక్కువ. వెంట మేనేజరు, మేనేజరు వెంట బెల్టుల గదికి కొత్తగా కుదిరిన మనిషి. తన బదులు ఇంకొకరిని అప్పుడే చూసి పెట్టారని దాంతో తెలిసింది. అంటే శుభ్రమైన రిజిస్టరు ఇచ్చినా ఆ రెండేళ్లు మిగిలేవి కావు. ఆయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

అధికారి ఆ పేజీ నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు. మేనేజరు మెడ చాచి చూసి, ముఖం కందగడ్డ చేసుకుని, పెద్దాయనకు దుఃఖంలో మతి చెదిరిందన్నాడు. అధికారి ఆ మాటకు తల ఎత్తలేదు. సంచిలోంచి తెగిన ముక్క తీసి, పొట్లం మీది కుట్టును వేలితో తడిమాడు.

"ఇది ఎవరు కుట్టారు?"

"నేనే సార్."

"తెగాల్సిన కుట్టని మీకు తెలుసు కదా?"

"తెలుసు సార్."

అధికారి కుట్టు వంక చూశాడు. సన్నగా, తిన్నగా, కొలబద్ద పెట్టి గీసినట్టున్న వరసలు. తర్వాత ఆయన వేళ్ల వంక చూశాడు. మొద్దుబారి, పగుళ్లిచ్చి, బొటనవేలు పక్కకు తిరిగిన పరంజా మనిషి వేళ్లు. అంత కుట్టు ఈ జన్మలో ఆ చేతికి రాదు. అధికారి కలం తీసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. తెలిసి చేసిన తప్పు అయిందంటే దాని శిక్ష వేరుగా ఉంటుందని, ఇంకోసారి ఆలోచించుకుంటారా అని అడిగాడు. అక్కర్లేదన్నాడాయన.

ఇక అప్పగింత మిగిలింది. కాగితం మీద తనే వరసగా రాశాడు. పనికొచ్చే బెల్టులు మూడు వందల ఇరవై తొమ్మిది. కోసినవి పదకొండు, ముక్కలు ఇరవై రెండు. రిజిస్టరు ఒకటి. తాళం చెవులు రెండు. సుద్దముక్కల పెట్టె ఒకటి. కత్తెర ఒకటి.

కొత్త మనిషి సంతకం పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. మేకు మీది నుంచి ఒక బెల్టు తీసి, పొట్లాన్ని అతని అరచేతిలో పెట్టి నొక్కించాడు.

"లోపల మడతలు తెలుస్తున్నాయా? వాటి కుట్లు తెగాలి. తెగితేనే మనిషి బతుకుతాడు. ఒకసారి తెగినదాన్ని కోసెయ్యాలి. ఎవరడిగినా సరే. కోసేటప్పుడు, ఎందుకు కోస్తున్నావో ఆ కిటికీ ముందున్నవాళ్లకు చెప్పు. నేను చెప్పలేదు."

ఆ గదిలో ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు, అదే చివర. కొత్త మనిషి అయోమయంగా తల ఊపి, కాగితం మీద సంతకం పెట్టాడు. ఆయన బెల్టును మళ్లీ దాని మేకుకు తగిలించి, పట్టీలు మెలిక పడకుండా సరిచేసి, కత్తెరను మొన తనవైపు తిప్పుకుని, పిడి వైపు నుంచి అందించాడు.